విమానం పోయేదాకా

మా ఆయన మూడు పుస్తకాలను పైకి చదివి ఫోనులో రికార్డు చేశారు. మొదటిది చరిత్ర, రెండోది మతాల గురించి, మూడోది ఆర్థికశాస్త్రం. మూడోది పూర్తి కాలేదు. పదిహేడు పాఠాల్లో పద్నాలుగు అయ్యాయి. పదిహేనో పాఠం రెండో పేజీలో కార్గో ఆఫీసు రసీదు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. అది పెట్టిన రోజు నాకు తెలుసు. పోయిన డిసెంబరు పది, శనివారం. ఆయన పోయింది ఆ మర్నాడు.

ఆ పుస్తకాలు కుర్మయ్య కోసం. కుర్మయ్యది పాల్మాకుల. ఇరవై రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి చూపు పోయింది. ఇప్పుడు ముప్పై ఆరు. శంషాబాద్‌లో ఒక లాడ్జిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తాడు. మా ఆయన నరసింహమూర్తి గారు ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో పనిచేసేవారు. లారీ డ్రైవర్లకు గదులు కావాలని ఆ లాడ్జికి తరచూ ఫోన్ చేసేవారు. నేరుగా కలుసుకోకముందే ఇద్దరికీ ఏడాది స్నేహం. కుర్మయ్య దూరవిద్యలో బి.ఏ. చదువుతున్నాడనీ, చదివి వినిపించేవాళ్లు లేక ఆర్థికశాస్త్రం రెండుసార్లు పోయిందనీ తెలిసిన వారమే ఈయన పుస్తకాలు ఇంటికి తెచ్చారు.

శని, ఆదివారాల మధ్యాహ్నాలు ముందుగదిలో కూర్చుని చదివేవారు. ఫ్యాన్ ఆపేవారు, దాని చప్పుడు మాటల మీద పడుతుందని. భుజాన తువ్వాలు. పాఠం పేరు, రోజు, టైము చెప్పి మొదలుపెట్టేవారు. ఆ ఫోనులో ఒకసారి ఆపితే మళ్లీ కొత్త రికార్డు మొదలవుతుంది. అందుకని ఆపేవారు కాదు. మా ఇంటి మీదుగా విమానాలు పోతాయి. విమానం వచ్చినప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అది పోయేదాకా ఏవో కబుర్లు చెప్పేవారు. నేను వంటింట్లోంచి, "పుస్తకం చదవండి" అనేదాన్ని.

"పుస్తకంలో మాట చప్పుడులో పోతే వాడికి మార్కులు పోతాయి. నా మాట పోతే ఏం పోయింది?" అనేవారు.

నేను హైస్కూల్లో తెలుగు పంతులమ్మను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలని నా పట్టుదల.

ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం కుర్మయ్య, అతని భార్య లచ్చమ్మ వచ్చారు. లచ్చమ్మ చేతిలో చింతచిగురు మూట ఉంది. కుర్మయ్య ఎప్పుడూ కూర్చునే కుర్చీ కోసం తడమలేదు. ఆ కుర్చీ పక్కన నిలబడి, నేను కూర్చోమన్నాకే కూర్చున్నాడు.

"మే పద్దెనిమిదికి పరీక్ష మేడమ్" అన్నాడు. "నా గడువు గీ ఏడాదితోని అయిపోతది. గీసారి పోతే ఇగ మొదటి సంవత్సరం నుంచి మల్ల రాయాలెనంట. మూడు పాఠాలే మిగిలినయి. జర మీరు చదివి పెడ్తరా?"

నేను లచ్చమ్మ వైపు చూశాను.

"నేను చదువుతనంటె వద్దంటడు మేడమ్" అంది లచ్చమ్మ. "నాలుగో తరగతి దాక చదివిన నేను."

"చదివింది మేడమ్, ఒక పేజీ. సగంల కూరగాయలామె ఒస్తే లేచి పోయింది. గా బేరమంత రికార్డయింది. వంకాయల కాడ ఇద్దరు కొట్టుకున్నరు."

"బేరం గూడ ఆర్థికశాస్త్రమే గద!" అంది లచ్చమ్మ.

నాకు నవ్వు వచ్చింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. చింతచిగురు మూట అందుకుని లోపలికి తీసుకుపోయాను. తిరిగి వచ్చి, చదువుతానని చెప్పాను.

ఆ ఆదివారం పదిహేనో పాఠం చదివాను. ఆయన ఫోను ముట్టుకోలేదు. నా ఫోనులో చేశాను. పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ప్రతి మాటా విడివిడిగా, నిదానంగా పలికాను. విమానం దూరంగా వినబడగానే బటన్ నొక్కేదాన్ని. అది పోయాక మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పాఠం ఇరవై మూడు ముక్కలయింది. మెమరీ కార్డులో వేయించి పంపాను.

మంగళవారం లాడ్జి నుంచి కుర్మయ్య ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ చదువు మస్తుగున్నది. ఒక్క తప్పు లేదు. గని అంత ముక్కలు ముక్కలున్నది. నా ఫోనుల ఏది ముందు ఏది ఎనుక తెలుస్తలేదు. పంటల బీమా నడుమ బ్యాంకులొస్తున్నయి. పరేషాన్ అయితున్న. ఆపకుండ చదువుండ్రి."

"మధ్యలో విమానాలు వస్తున్నాయి కదయ్యా."

"రానీయుండ్రి. సార్ మాట్లాడెటోడు గద, అవి పొయ్యేదాక."

అచ్చులో ఉన్న మాట ఎవరిదైనా నేను చదవగలను. నా సొంత మాట ఒకటి మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. బడిలో కూడా ఈ నాలుగు నెలలు పాఠం తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఇది కుర్మయ్యకు చెప్పేది కాదు.

అతనే, "ఇంకొకటి మేడమ్" అన్నాడు. "గులాబీల ముచ్చట ఏ పేజీల ఉన్నదో చూసి చెప్తరా? పదకొండో పాఠంల. 'ఆగలేనివాడు ధర చెప్పలేడు' అని వస్తది."

చూసి చెప్తానన్నాను. అది నాకు తేలికైన పని అనిపించింది.

పదకొండో పాఠం వ్యవసాయ సరుకుల అమ్మకం గురించి. మొదటి నుంచి చివరిదాకా చదివాను. గులాబీలు లేవు. మర్నాడు మళ్లీ చదివాను. పాఠం నంబరు పొరపాటేమోనని పదో పాఠం, పన్నెండో పాఠం కూడా చూశాను. వరి ఉంది, పత్తి ఉంది, టమాటా ఉంది. గులాబీ ఎక్కడా లేదు. ఇక మిగిలిన దారి ఒకటే. ఆయన చదివింది వినాలి.

ఆయన ఫోను బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. ఛార్జింగ్ పెట్టాను. అది లేచేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో బియ్యం ఏరాను, అవి ఏరిన బియ్యమే.

పదకొండో పాఠం పెట్టాను. ముందు కుర్చీ కిర్రుమంది. గొంతు సవరించుకున్నారు. పాఠం పేరు, ఆదివారం, మూడు గంటల పది నిమిషాలు అన్నారు. నేను పుస్తకం తెరిచి, వేలు పెట్టి లైను వెంట లైను పోయాను, పిల్లల నోట్సు దిద్దినట్టు. రెండు చోట్ల మాట వదిలేశారు. ఒకచోట 'ఉత్పత్తి' అని ఉంటే 'దిగుబడి' అన్నారు. ఆ వేలు లేకపోతే అంతసేపు వినగలిగేదాన్ని కాదు.

ఇరవయ్యో నిమిషంలో దూరంగా మోత వినిపించింది.

"వస్తోంది కుర్మయ్యా. ఇది మూడున్నరది, దుబాయి. పుస్తకం పెద్ద పెద్ద మాటలు చెప్తోంది కానీ, నేను రోజూ చూసేది చెప్తా విను. చేవెళ్ల వైపు నుంచి మాకు గులాబీల పెట్టెలు వస్తాయి. ఒక్కోసారి వెంట రైతు కూడా వస్తాడు. ఫ్లైటు లేటయిందనుకో, పువ్వుకంటే ముందు అతని ముఖం వాడుతుంది. కొనేవాడు మాత్రం టీ తాగుతూ కూర్చుంటాడు. వాడు ఆగగలడు. ఆగలేనివాడు ధర చెప్పలేడు కుర్మయ్యా. అంతే ఈ పాఠం."

విమానం ఇంటి మీదికి వచ్చింది. మోతలో ఆయన ఇంకేదో అన్నారు. అంతలో వెనకనుంచి ఒక ఆడగొంతు, "పుస్తకం చదవండి!" అంది. అది నేనే. ఆయన నవ్వి, "చదువుతున్నానే" అన్నారు.

ఆపేశాను. ఆ పుస్తకంలో నా గొంతు కూడా ఉందని అంతవరకూ నాకు తెలియదు.

మర్నాడు బడి అయ్యాక లాడ్జికి ఫోన్ చేశాను. చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

"కుర్మయ్యా, గులాబీల సంగతి పుస్తకంలో లేదు. అది సార్ సొంతంగా చెప్పిన మాట. పుస్తకంలోదే అనుకుని పరీక్షలో నీ బదులు రాసేవాళ్ల చేత రాయించకు."

కుర్మయ్య గట్టిగా నవ్వాడు. "గది నాకు తెల్వదా మేడమ్? విమానం చప్పుడుల ఉన్నదంత సార్‌ది. పుస్తకం ఎన్నడన్న విమానంల మాట్లాడుతదా?"

"తెలిసి మరి పేజీ ఎందుకు అడిగావు?"

"సార్ చెప్పింది పుస్తకం గూడ ఒప్పుకుంటదా లేదా అని. ఒప్పుకుంటే ధైర్యంగ రాయిస్త. రెండుసార్లు పోయినోణ్ని మేడమ్. సక్కటి మాట గూడ రాయించాలంటె భయమైతది."

అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. రెండు రోజులు నేను గులాబీలను వెతికాను కానీ, పాఠం చదవలేదు. ఫోను పట్టుకునే ఉండమని చెప్పి పుస్తకం తెచ్చాను. ఈసారి రెండు నిమిషాల్లో దొరికింది.

"నూట నలభై రెండో పేజీ" అన్నాను. "'త్వరగా పాడయ్యే సరుకులను నిల్వ ఉంచే సౌకర్యం లేనందువల్ల ఉత్పత్తిదారునికి బేరమాడే శక్తి తక్కువగా ఉంటుంది.'"

కుర్మయ్య ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకున్నాడు. "అంటే సార్ చెప్పిందే."

"అదే."

"మరి గంత ఇబ్బంది పడుకుంట చెప్పుడేంది మేడమ్, సార్ లెక్క సక్కగ చెప్పొచ్చు గద!"

పుస్తకంలో ఆ వాక్యం పక్కన పెన్సిలుతో 'గులాబీలు' అని రాశాను.

శనివారం మధ్యాహ్నం ఫ్యాన్ ఆపి ముందుగదిలో కూర్చున్నాను. పదిహేనో పాఠం, శనివారం, మూడు గంటలు అని చెప్పి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పావుగంట బాగానే సాగింది. తర్వాత మోత వినిపించింది. అలవాటుగా వేలు బటన్ మీదికి పోయింది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"విమానం వస్తోంది కుర్మయ్యా" అన్నాను. "ఎటు పోతుందో నాకు తెలియదు. సార్‌కు తెలిసేది."

విమానం ఇంకా పోలేదు. రికార్డు నడుస్తూనే ఉంది. "చింతచిగురు పప్పులో వేశాను" అన్నాను. "బాగుందని లచ్చమ్మకు చెప్పు. ఆయనకు ఇష్టం, వేసవిలో కందుకూరు వైపు పోయినప్పుడల్లా తెచ్చేవారు. ఈసారి నేను తెప్పించుకోలేదు. మీరే తెచ్చారు."

'తెచ్చారు' అని ఊరికే రెండోసారి కూడా అన్నాను. అదీ రికార్డయింది. ఆపలేదు. చప్పుడు తగ్గి, పోయింది. నేను పేజీ నంబరు చెప్పి, ఆగిన వాక్యాన్ని మొదటి నుంచి చదివాను. మూడు పాఠాలూ రెండు వారాల్లో పూర్తయ్యాయి. మూడు పాఠాలు, మూడు రికార్డులు.

ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. కుర్మయ్యకు ఆర్థికశాస్త్రంలో నలభై ఆరు. పాసు. ఆ శనివారం ఇద్దరూ మక్క కంకులు తీసుకుని వచ్చారు. ఈసారి కుర్మయ్య నేను కూర్చోమనకముందే కుర్చీ తడిమి కూర్చున్నాడు.

"మార్కెట్ల ప్రశ్న పడ్డది మేడమ్. గులాబీలు రాయించిన. కింద పుస్తకంల మాట గూడ రాయించిన, పేపర్ దిద్దెటోనికి మనసున పట్టాలె గద."

"గా రాసే పిల్ల అడిగిందంట మేడమ్, గులాబీలేంది సార్ అని" అంది లచ్చమ్మ. "రాయమ్మా, పుస్తకం ఒప్పుకున్నది అన్నడంట!"

మక్క కంకులు ఉడకబెట్టి తెచ్చాను. కుర్మయ్య తింటూ తింటూ ఆగి, "ఒక ముచ్చట మరిచిన మేడమ్" అన్నాడు. "పదిహేనో పాఠంల విమానం ఎటు పోతదో తెల్వదన్నరు కద. మూడు గంటలకు మొదలువెట్టిన్రు. పదిహేను నిమిషాలకు ఒచ్చింది. శనివారం మూడుంబావుది మస్కట్‌ది."

"నీకెలా తెలుసయ్యా?"

"సారే చెప్పిండు. మతాల పుస్తకం, తొమ్మిదో పాఠం. ఉపవాసాలు అయిపోయినంక."

"సార్ చదివిందంత నోటికొచ్చు గీయనకు" అంది లచ్చమ్మ. "నేను పొద్దుగాల చెప్పిన పని మాత్రం పొద్దూకేసరికి యాదికుండది."

మతాల పుస్తకం నేను వినలేదు. చరిత్ర కూడా వినలేదు. ఆయన చదువుతున్నప్పుడు పక్కగదిలోనే ఉన్నాను, కానీ అది విన్నట్టు కాదు.

"మూడూ కలిపి ఎంతసేపు ఉంటుంది?" అని అడిగాను.

"మీరు చదివింది గూడ కలిపితే నలభై ఒక్క గంట" అన్నాడు కుర్మయ్య వెంటనే. "మొదటి సంది వినుండ్రి మేడమ్. నడుమల నుంచి వింటె సమజ్ కాదు."

మర్నాడు ఆదివారం. భోజనం అయ్యాక ఆయన ఫోను ముందుగదిలో బల్ల మీద పెట్టాను. వినడానికి ఫ్యాన్ ఆపనక్కరలేదు. అయినా ఆపాను. చరిత్ర, ఒకటో పాఠం.