ఆ వార్డులో అనని మాట

నీళ్ళు వేడిగా ఉన్నాయా అని కెజియా అడగలేదు. రాఘవులు గారి పాదాలకు వేడీ, చల్లదనం తెలియక చాలా ఏళ్ళయింది. రోజూలాగే తన మోచెయ్యి ముంచి చూసుకుని, నీలం అంచు బేసినుని మంచం దగ్గరికి జరిపి, ఆయన కాళ్ళు రెండూ ఎత్తి నీళ్ళలో పెట్టింది. ఎడమ మడమ కింద రూపాయి బిళ్ళంత పుండు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ నోరు తెరుస్తుంది.

"బాగా నాననివ్వండి. నేను చెప్పేదాకా తియ్యకండి."

"నువ్వు చెప్పకుండా ఎప్పుడైనా తీశానా అమ్మా?"

ఉంగుటూరు కాలవ గట్టు మీది ఈ కుష్ఠు ఆసుపత్రిలో ఒకప్పుడు మంచాలు చాలక వరండాలో చాపలు పరిచేవారు. ఇప్పుడు మిగిలింది వీరరాఘవులు గారొక్కరే. రోగి అనడానికీ లేదు, జబ్బు ఎప్పుడో నయమైంది. వేళ్ళు ముడుచుకుపోయాయి, స్పర్శ పోయింది. ఇంట్లోవాళ్ళు అంతకంటే ముందే వదిలేసి పోయారు.

కెజియా ఇక్కడ డ్రెస్సింగ్ ఆయా. పొట్టి మనిషి, మోకాళ్ళు అరిగాయి, అరచేతుల్లో డెట్టాలు వాసన సబ్బుకి పోదు. నానిన పాదాల మీది మొద్దు చర్మాన్ని రాయితో మెల్లగా అరగదీసి, కొబ్బరినూనె రాసి, పుండు కడిగి కట్టు కడుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరూ అడగలేదు కూడా.

ఆసుపత్రి మూసేస్తున్నారు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. మండవల్లిలో తమ్ముడు చేపల చెరువు గట్టు మీద పాక వేసుకుని ఉంటున్నాడు. "చోటెక్కడుంది అక్కా?" అన్నాడు, అబద్ధం కాదు. ఆసుపత్రి నడిపే సొసైటీవాళ్ళు మాత్రం, టాంజానియాలో ఇలాంటి ఆసుపత్రే ఉంది, రెండేళ్ళు చేస్తే తిండీ పడకా ఇస్తారు అన్నారు. చోటు లేని ఆడదాన్ని సముద్రం దాటించడానికి వాళ్ళు పెట్టిన పేరు వాలంటీరు! ఆదివారం చర్చిలో శాలువా కూడా కప్పారు. కెజియా శాలువాతోనే వచ్చి ఈ వార్డులో కూర్చుని ఏడ్చింది. ఇవాళ సాయంత్రమే రైలు.

"ఆఫ్రికా అంటే మనకి తెలిసింది, వద్దన్నా మన చెరువుల్లో దొంగచాటుగా పెంచే ఆ క్యాట్ ఫిష్షేనండి," అన్నాడు వాచ్‌మన్ జాకబ్ గుమ్మంలోంచే. "అక్కడైతే దాచుకోకుండా పెంచుతారేమో, చూసి చెప్పండి."

"నీ మొహం! ముందు లోపలికొచ్చి కట్టు కట్టడం నేర్చుకో. రేపట్నించీ నువ్వే."

జాకబ్ గుమ్మం దాటలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాటలేదు. రాఘవులు గారిని తీసుకెళ్తామని ఏలూరు దగ్గరి వృద్ధాశ్రమం వాళ్ళు వచ్చి, పుండు చూసి, తర్వాత చెప్తామని వెళ్ళిపోయారు.

ఈ వార్డులో ఒక మాట అనరు. బయట ఎవరైనా గడప దాటుతూ "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు కసురుతారు, వెళ్ళొస్తాననాలని దిద్దుతారు. ఇక్కడ అంతా తిరగేసి. ఇక్కడివాళ్ళని దింపినవాళ్ళందరూ "వెళ్ళొస్తాం" అనే వెళ్ళారు, ఒక్కరూ రాలేదు. రాఘవులు గారి తమ్ముడు శ్రీనివాసరావు, గూడెం టౌనులో బియ్యం షాపాయన, "వెళ్ళొస్తానన్నయ్యా" అనే బస్సెక్కాడు. అందుకని కెజియా రోజూ సాయంత్రం "వెళ్తున్నానండి" అని వెళ్ళేది. పొద్దున్నే వచ్చేది.

"నాకు పళ్ళూ ఫలహారాలూ ఏం పెట్టక్కర్లేదు," అన్నారు రాఘవులు గారు కట్టు కట్టించుకుంటూ. "పోయేటప్పుడు ఆ మాట అనకు, చాలు. నువ్వు కూడా అన్నావంటే ఇంక నాకెవరూ మిగలరు."

"అననండి. ప్రమాణం."

మధ్యాహ్నం కెజియా క్వార్టరు ఊడ్చి, అన్నం వండి, ఆయనకి ముద్దలు కలిపి చెంచా వేళ్ళ మధ్య ఇరికించి ఇచ్చింది. ప్రయాణానికని టీకా వేసిన భుజం ఇంకా సలుపుతోంది. గిన్నెలు కడిగాక మళ్ళీ నీళ్ళు కాచింది.

"పొద్దున్నే అయిందిగా అమ్మా?"

"రేపటిది కూడా ఈ పూటే చేసేస్తానండి."

రేపటిది సరే, ఎల్లుండిది? కట్టు విప్పి పాదాలు బేసినులో పెట్టిందో లేదో, గేటు దగ్గర ఆటో హారన్ మోగింది.

"ముందే వచ్చేశాడండీ," జాకబ్ సంచీ ఎత్తుకున్నాడు. "గూడెంలో రైల్వే గేటు పడితే రైలు తప్పిపోద్ది, పాస్టరు గారు ఫోన్ మీద ఫోన్."

"కాళ్ళు నాననీ. తుడిచి కట్టు కట్టాలి."

"నేను కడతానండి, ఒట్టు. మీరు కదలండి ముందు."

కెజియా అతని మొహంలోకి చూసింది. నమ్మలేదు. నమ్మక చేసేదేముంది? తువ్వాలూ గుడ్డపీలికలూ మంచం మీద అందేలా పెట్టి, గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది. అనాల్సిన మాట రోజూ అనేదే, చిన్నదే.

"వెళ్ళొస్తానండి."

తన నోట్లోంచి వచ్చింది తనకే వినపడి కెజియా కొయ్యబారిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, అప్పటికే ఆలస్యమైంది. రాఘవులు గారు మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

"వెళ్ళమ్మా," అన్నారు. వెళ్ళిరా అనలేదు.

హారన్ మళ్ళీ మోగింది. ఆటో చప్పుడు కాలవ గట్టు వెంట వినపడి, లాకులు దాటాక అణిగిపోయింది.

చీకటిపడే వేళకి జాకబ్ అన్నం గిన్నె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, లైటు వేశాడు. రాఘవులు గారు అలాగే కూర్చుని ఉన్నారు.

"అయ్యో, ఇంకా నీళ్ళలోనే ఉన్నారేంటండీ! తియ్యండి కాళ్ళు."

"కెజియమ్మ చెప్పలేదుగా."

జాకబ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. నీలం అంచు బేసినులో నీళ్ళు ఎప్పుడో చల్లారిపోయాయి, పైన నూనె చుక్కలు తేలుతున్నాయి.