పెద్దత్త హామీ

లాండ్రీ పైనున్న ఆ ఒంటిగది ఆఫీసులో మూడే కుర్చీలున్నాయి. వాటిలో మంచిది పెద్ద కంపెనీ నుంచి వచ్చిన ఆవిడకు ఇచ్చి, చక్రం ఊడినదాంట్లో పిచ్చుక కూర్చుంది. చిన్నప్పుడు క్షణం నోరు మూసేది కాదని ఇంట్లో పెట్టిన పేరది. ముప్పయ్యేళ్ళొచ్చినా ఆ పేరూ వదల్లేదు, ఆ నోరూ తగ్గలేదు. మూడో కుర్చీలో ఆమె భాగస్వామి ఉన్నాడు. రెండు చొక్కాలతో ఏళ్ళు గడిపేస్తున్నాడు కాబట్టి అతన్ని అందరూ బైరాగి అంటారు.

వాళ్ళ వెబ్‌సైటు పేరు ఎరుక. దానికి ఒకటే నియమం. సభ్యుల్లో ఎవరైనా "ఈ మనిషి నాకు స్వయంగా తెలుసు" అని హామీ రాస్తేనే కొత్తవాళ్ళు లోపలికి రావాలి. ఎవరి పేజీ తెరిచినా వాళ్ళకు హామీ ఇచ్చిందెవరో, ఆ ఇచ్చినవాళ్ళకు ఎవరిచ్చారో గొలుసులా కనిపిస్తుంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళూ, ఆయా కోసం వెతికేవాళ్ళూ ఆ గొలుసు చూసే నమ్ముతారు. ఇప్పటికి ముప్పై వేలమంది నమ్మారు. ఎరుకను పది నగరాలకు తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఆ పూట పెద్ద కంపెనీ ఆవిడ తేల్చాలి.

"బాగుంది. కానీ ఈ గొలుసులు వెనక్కి పట్టుకుపోతే చాలావరకు ఒకావిడ దగ్గరే ఆగుతున్నాయి. ఎవరమ్మా ఈ పెద్దత్త?" అని అడిగిందావిడ.

"మా మొదటి సభ్యురాలండీ. చాలామంది తెలిసిన మనిషి," అంది పిచ్చుక.

బైరాగికి ఎక్కడలేని దగ్గూ వచ్చింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే పెద్దత్త అనే మనిషే లేదు. పేజీలో ఉన్న ఫోటో బైరాగి కళ్ళజోడుది. మొట్టమొదటి సభ్యులకు హామీ ఇచ్చేవాళ్ళెవరూ లేక పిచ్చుక ఆమెను పుట్టించింది. అంతటితో ఆగినా సరిపోయేది. ఆర్నెల్లయినా సభ్యులు రెండొందలు దాటలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు బతుకుతున్న రోజుల్లో ఒక పత్రికలో ఎరుక గురించి నాలుగు ముక్కలు పడ్డాయి. వారంలో మూడువందల పన్నెండు మంది తలుపు తట్టారు. తెలిసినవాళ్ళు లోపల ఒక్కరూ లేరు. నియమం ప్రకారం వెనక్కి పంపాల్సింది. పిచ్చుక మధ్యాహ్నం టీ చల్లారేలోపు వాళ్ళందరికీ పెద్దత్త చేత హామీ ఇప్పించేసింది. "ఒక్కసారికేరా, మళ్ళీ చెయ్యం," అని బైరాగి చేతే ఒక్కో నొక్కుకు ఒక్కో హామీ పడే మీట కూడా పెట్టించింది. వాళ్ళు తమవాళ్ళను తెచ్చారు, ఆ తమవాళ్ళు ఇంకొకర్ని తెచ్చారు, ఎరుక పెరిగింది.

బల్లమీద ఫోను కదిలింది. వదిన దగ్గర్నుంచి సందేశం.

"పిచ్చుకా, నీకు చెప్పకుండా ఒక పని చేశా. మీ ఎరుకలోనే పాపకి ఆయా దొరికింది. సాక్షాత్తూ పెద్దత్త హామీ! పొద్దున్నే పాపని అప్పజెప్పి డ్యూటీకి వచ్చేశా. ఫోను లాకర్లో పెట్టేస్తున్నా. సాయంత్రం మాట్లాడదాం."

పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి. పాపకు ఎనిమిది నెలలు. వదిన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అన్నయ్య రైలు నడుపుతాడు, డ్యూటీలో ఉంటే దొరకడు. ఎరుకలో వెతికి ఆయా నంబరుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"నేను వెళ్ళాలండీ. మా మేనకోడలు కొత్త ఆయా దగ్గరుంది. ఆవిడ ఫోను ఎత్తట్లేదు."

"ఎరుకలో ఆయాయేనా? హామీ ఎవరిది?"

"పెద్దత్తది," అన్నాడు పక్కనుంచి ఆ సందేశం చదివిన బైరాగి, ముఖం కిందికి దించి.

"మరింకేం? భయమెందుకు?" అని ఆవిడ నిజంగానే అడిగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది పిచ్చుకకు. చెప్పులు సగం తొడుక్కునే మెట్లు దిగింది.

బస్సులో నాలుగు స్టాపులు. ప్రతి సిగ్నలూ ఎర్రగానే పడింది. ఆయా పేజీ తెరిచి చూసుకుంది. పేరు, వయసు, పెద్దత్త రాసిన ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసిన చెయ్యి తనదే. తనకు ఆ మనిషి నలుపో తెలుపో కూడా తెలియదు. పాపకేమైనా అయితే వదిన ముఖం ఎలా చూడాలి?

మూడో అంతస్తులో వదిన వాళ్ళింటి తలుపు మూసి ఉంది. గంట కొట్టింది. చప్పుడు లేదు. ఫోను చేస్తే లోపల మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. పిచ్చుక తలుపు బాదింది, పాపను పేరుపెట్టి పిలిచింది. ఎనిమిది నెలల పిల్ల పలుకుతుందా అన్న ఇంగితం కూడా లేకపోయింది.

"ఎవరు కావాలండీ?"

మెట్ల మీద యాభై ఏళ్ళ మనిషి నిలబడి ఉంది. భుజాన పాప నిద్రపోతోంది, రెండో చేతిలో ఆరిన బట్టల బుట్ట ఉంది. పిచ్చుక ఒక్క ఉదుటున ఎదురెళ్ళింది. ఏడుస్తూ చేతులు చాచింది.

ఆయా ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆగండి. మీరెవరు?"

"మేనత్తనండీ! పాప మేనత్తని!"

"కావచ్చండీ. కానీ మిమ్మల్ని నేనెరగను. ఎవరొచ్చినా పిల్లనివ్వద్దన్నారు తల్లిగారు."

ఫోనులో ఫోటోలు చూపించినా వినలేదు. పిచ్చుకను బయటే నిలబెట్టి లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. ఆసుపత్రి కౌంటరుకు చేసి, వదినను పిలిపించి, మేనత్త పోలికలు ఒక్కొక్కటే చెప్పి సరిచూసుకుంది. అప్పుడుగానీ తలుపు తియ్యలేదు. ముప్పై వేలమందికి నమ్మకం పంచిన పిచ్చుక పావుగంట మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. బుద్ధి రావడానికి ఆ పావుగంట చాలు.

పాపను పడుకోబెట్టాక ఆయా మెల్లిగా అడిగింది.

"ఒక్క మాటండీ. ఆ పెద్దత్తగారెవరు? నాకావిడ తెలీదు. నా గురించి అంత మంచి మాట రాశారని చూసి రెండ్రోజులు తిండి సయించలేదు. ఎవరో అనుకుని నన్ను రాశారేమో అని. చెబితే పనిపోతుందని నోరు మూసుకున్నా."

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పిచ్చుకకు సిగ్గేసింది. "ఆవిడ లేదండీ. అది రాసింది నేనే. మీరెవరో నాకు తెలీదు," అంది.

ఆయా ముఖంలో కోపం కంటే చిన్నబోవడం ఎక్కువ కనిపించింది.

"అయితే ఇప్పుడు చూశారుగా. మీ పేరుతో రాయండి."

పిచ్చుక ఫోను తీసింది. ముందు బైరాగికి పెట్టింది: "పెద్దత్తని తీసెయ్. కంపెనీ ఆవిడతో నిజం చెప్పు." వెంటనే జవాబొచ్చింది: "తీసేస్తే గొలుసులన్నీ తెగుతాయి." తర్వాత ఇంకొకటి: "ఆవిడకి నువ్వెళ్ళగానే చెప్పేశా. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది."

ఏడాదిన్నర కష్టం రెండు వాక్యాల్లో పోయింది. పిచ్చుక కళ్ళు తుడుచుకుని ఆయా పేజీ తెరిచింది. "ఈ మనిషి నాకు స్వయంగా" అని రాసి ఆగిపోయింది. మూడువందల పన్నెండుసార్లు ఆగని వేలు, తన ఇంటి పిల్ల పక్కన పడుకుని ఉండగా ఆగింది.

"ఇంతకుముందు ఎవరి పిల్లల్ని చూశారండీ? వాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా?"

ఆయా చిన్నగా నవ్వింది. "ఈ మాట మొదటిరోజు అడగాల్సింది," అంటూ ఒక నంబరు చెప్పింది.

పిచ్చుక చేసింది. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నమస్తే అండీ, మీ దగ్గర పనిచేసిన ఆయా గురించి కనుక్కుందామని…"

"చెప్తాను గానీ, ముందు మీరెవరమ్మా?"

పిచ్చుక తన పేరు చెప్పింది. ఎరుక తనదేనని చెప్పింది. ఇలా కనుక్కోవాల్సినవాళ్ళు ఇంకా మూడువందల పదకొండు మంది ఉన్నారు.