మెయిన్ రోడ్డుకు అవతలి సిలిండర్

మార్చి పదకొండో తేదీ సాయంత్రం నా భార్య పాలలో నానబెట్టిన రొట్టె సగం ముక్క తిన్నది. మిగతా సగం నన్ను తినమంది. తింటూ ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూశాను. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది.

మా ఊళ్ళో సిలిండర్లు అమ్మేవాళ్ళు ఇద్దరే. ఒకరు అందరూ పొట్టాయన అని పిలిచే మనిషి. రెండోవాడు నా బావమరిది, ఆమె సొంత తమ్ముడు. ఒకప్పుడు ఎవరికి ఫోన్ చేసినా నేనంటే నేనని బండి పంపేవారు, ఒకరిని చూసి ఒకరు ధర తగ్గించేవారు. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. మెయిన్ రోడ్డుకు ఇటు పొట్టాయనది, అటు బావమరిదిది. ఆ ఏడే ధర రెట్టింపయింది. మూడోవాడు డిపో పెట్టాలంటే లైసెన్సు చేతికి వచ్చేసరికి ఏళ్ళు గడిచిపోతాయి కనుక వాళ్ళకు ఏ బెంగా లేదు.

మా ఇల్లు రోడ్డుకు ఇటు. ఆ సాయంత్రం పొట్టాయన డిపోలో నిండు సిలిండర్ ఒక్కటీ లేదు. పక్క ఊరి నుంచి తేవడానికి ఆయనే బండి వేసుకుని వెళ్ళాడన్నారు. బావమరిదికి ఫోన్ చేశాను.

“ఒక్క సిలిండర్ పంపరా. అక్కకి అయిపోవస్తోంది.”

“మీ వీధి నాది కాదు బావా. నేనొకటి పంపితే రేపు వాడు నా వైపు పది దింపుతాడు. ధరలు మళ్ళీ మొదటికొస్తాయి.”

“పోనీ నేనే వచ్చి పట్టుకుపోతాను.”

“నా గేటు దగ్గర వాడి మనిషి కాపలా ఉంటాడు, వాడి గేటు దగ్గర నా మనిషి. కాస్త ఓపిక పట్టు బావా, పొట్టాయన వచ్చేస్తాడులే.”

“తమ్ముడేమన్నాడు?” అని అడిగింది ఆమె.

“బండి బయల్దేరిందట.”

ఆమె నవ్వి, బండి వచ్చేదాకా సరిపోవాలని, తానే చెయ్యి చాచి గాలి తగ్గించుకుంది.

పొట్టాయన వచ్చేసరికి అంతా అయిపోయింది. మూడంతస్తులు తానే మోసుకొచ్చిన సిలిండర్‌ను గుమ్మం పక్కన దించి, మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఎలాగూ ఇంకో నెలకు మించి ఉండేవారు కాదు” అన్నాడు డాక్టరు, నన్ను ఓదార్చాలని. ఆ నెల నాది. దాన్ని లాక్కున్నవాణ్ణి ఊరికే వదలకూడదనుకున్నాను.

వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారిణి ముందు ఫ్యాను నా వైపు తిప్పింది. తర్వాత మంచినీళ్ళిచ్చింది. అంతా విన్నాక నిట్టూర్చింది.

“మీ మాట నమ్ముతానండీ. కానీ ఆ ఒప్పందానికి సాక్షులు ఆ ఇద్దరే. వాళ్ళలో ముందుగా వచ్చి ఒప్పుకుని, రుజువులిచ్చినవాడికి జరిమానా ఉండదు. రెండోవాడికి మాత్రం పూర్తిగా పడుతుంది.”

“రెండోవాడు కాస్త ఆలస్యంగా వచ్చినా?”

“వీడు మెట్లు దిగుతుంటే వాడు ఎక్కినా సరే.”

బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. ఒప్పందంలో ఇద్దరి పాపమూ సమానమే, నాకు తెలుసు. కానీ నేను న్యాయం కోసం బయల్దేరలేదు. నేరుగా పొట్టాయన డిపోకి వెళ్ళాను.

చెబుతుంటే ఆయన చేతిలోని టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. “మీ బావమరిదికి చెప్పారా?”

“ఇంకా లేదు.”

“చెప్పకండి సార్, మీకు దణ్ణం పెడతా!” అంటూ పొట్టాయన కంగారులో తన గుమాస్తా చెప్పులే తొడుక్కుని ఆ కార్యాలయానికి పరుగెత్తాడు.

వానాకాలం వచ్చేసరికి తీర్పు వచ్చింది. బావమరిది కట్టాల్సిన జరిమానాకి డిపో అమ్మకానికి పెట్టాడు. సిలిండర్ ధర సగానికి దిగింది. మా వీధిలోకి ఇక ఎవరి బండైనా వచ్చేది. హారన్ మోగినప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. ఆ హాయికి నేనేమీ సిగ్గుపడలేదు.

ఒక సాయంత్రం బావమరిది వచ్చాడు. తడిసిపోయి ఉంటే తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకోలేదు.

“పొట్టాయనకి చెప్పింది నువ్వేనటగా?”

“నేనే.”

“అక్క ఉంటే ఇలా జరగనిచ్చేదా బావా?”

“ఉంటే కదరా.”

చాలాసేపు ఆమె కుర్చీ వైపు చూశాడు. కూర్చోలేదు.

“ఒక్క గంట ముందు నాకు చెప్పి ఉంటే బతికిపోయేవాణ్ణి. సొంత బావమరిదిని కదా. ఒక్క మాట.”

“మీ వీధి నాది కాదురా” అన్నాను.

అతను తువ్వాలు మడిచి కుర్చీ చేతి మీద పెట్టి వెళ్ళిపోయాడు. మెట్ల మీద చీకటిగా ఉంది. లైటు వేసి, అతను కింది అంతస్తు చేరేదాకా నిలబడ్డాను. తర్వాత, ఆమెకి నిద్ర పట్టిన రోజుల్లో వేసినట్టే, చప్పుడు కాకుండా తలుపు వేసి గడియ పెట్టాను.