ఎదురెదురు పియానోలు

వెండెల్ క్రౌజ్‌కీ డెస్మండ్ ప్రైక్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ముప్ఫై ఏళ్లపాటు లోకమంతా చెప్పుకుంది. వెండెల్ అమెరికాలో టొలీడో ఊళ్లో గాజు ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. డెస్మండ్ ఇంగ్లండులో హల్ రేవులో చేపలమ్మే ఇంట పుట్టినవాడు. అందరూ గిటార్లు పట్టుకుని గెంతుతున్న కాలంలో ఇద్దరూ పియానో ముందు కూర్చుని రాక్ పాటలతో స్టేడియాలు నింపారు. "వెండెల్ పియానో వాయించడు, మేకులు కొడతాడు" అని డెస్మండ్ ఒక పత్రికవాడితో అన్నాడు. "కిటికీ తెరల్లాంటి మెరుపు బట్టలు కట్టుకుని తిరిగేవాడికి మేకుల అవసరం ఉంటుందిలే" అని వెండెల్ జవాబిచ్చాడు. ఇక అక్కణ్ణుంచి జనానికి పండగే.

వెండెల్ తాగుడు మానలేక ఆసుపత్రిలో పడ్డ ఏడాది, సముద్రం దాటి వచ్చి మంచం పక్కన కూర్చుని పేకాడినవాడు డెస్మండ్ ఒక్కడే. ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. స్నేహం చూడ్డానికి ఎవడు టిక్కెట్టు కొంటాడు?

అందుకే, ఇద్దరికీ డెబ్బై దగ్గర పడుతుండగా, కలిసి ఊరూరా కచేరీలు చేద్దామని డెస్మండ్ భార్య మోరీన్ ఫోన్ చేసినప్పుడు వెండెల్ రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు. స్టేజీ మీద రెండు పియానోలు ఎదురెదురుగా. నడుమ పాటలు, పాటల నడుమ తిట్లు. మొదటి ఊళ్లలో జనం విరగబడి వచ్చారు.

పిట్స్‌బర్గ్‌లో డెస్మండ్ హల్ రేవు మీద కట్టిన తన పాట పాడాడు. చప్పట్లు మోగాయి. అవి సద్దుమణగకముందే మళ్లీ అదే పాట మొదలుపెట్టాడు. జనం గొల్లుమన్నారు. వెండెల్ కూడా నవ్వి, మైకులో "ఒరేయ్, నీకొచ్చింది ఇదొక్కటేనని అందరికీ తెలిసిపోతుందిరా!" అన్నాడు.

డెస్మండ్ తలెత్తాడు. ఆ మొహంలో కొంటెతనం లేదు. కొత్తగా పాట ఎత్తుకున్నవాడి ప్రశాంతత ఉంది. వెండెల్ నవ్వు ఆపేశాడు. మొదటి చరణం దాకా ఆగి, మెల్లిగా తనూ వాయించడం మొదలుపెట్టి, పాటను పక్కదారి పట్టించి తన పాటలో కలిపేశాడు. ముందే కూడబలుక్కుని చేశారనుకుని జనం ఈలలు వేశారు.

మర్నాడు మధ్యాహ్నం వెండెల్ హోటల్లో డెస్మండ్ దంపతుల గదికి వెళ్లాడు. కిటికీ దగ్గర డెస్మండ్ రొట్టెముక్క మీద వెన్న రాస్తున్నాడు. రాసిందాని మీదే మళ్లీ రాస్తున్నాడు. మోరీన్ తలుపు దగ్గరే నిలబడింది.

"ఎప్పట్నించి?" అన్నాడు వెండెల్.

"ఏది?"

"మోరీన్, నాకు ఒక చెవే పోయింది. కళ్లు రెండూ ఉన్నాయి."

ఆమె చేతిలోని టీకప్పు పక్కన పెట్టింది. "డాక్టరు చెప్పింది వసంతంలో. నాకు అంతకుముందే తెలుసు. తాళంచేతులు ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఓ రోజు నన్నే అడిగాడు, మోరీన్ ఎప్పుడొస్తుందీ అని."

"మరి నాకొక్క ముక్క చెప్పొద్దూ?"

"చెబితే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి కాదు. వాణ్ణీ రానిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు. ఇంట్లో పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటాడు వెండెల్. అదే జనం ముందు, పియానో దగ్గర కూర్చోబెడితే మళ్లీ నా మొగుడవుతాడు. ఆ రెండు గంటల కోసం నిన్నే కాదు, ఆ దేవుణ్ణయినా మోసం చేస్తాను."

"అంటే నేను వాడి చేతికర్రనన్నమాట."

"అవును," అంది మోరీన్. కళ్లు దించుకోలేదు.

కిటికీ దగ్గర్నించి డెస్మండ్ గొంతు వినిపించింది. "ఏరా టొలీడో, మా ఆవిడతో ఏమిటా గుసగుసలు? ముగ్గురు పెళ్లాలు చాల్లేదట్రా నీకు?"

"చాల్లేదురా, అందుకే వచ్చా," అన్నాడు వెండెల్. నవ్వుతూనే బయటికొచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. మోరీన్ మీద కోపం ముంచుకొచ్చింది. కానీ సామాను సర్దుకోలేదు.

ఆ తర్వాత కొలంబస్, డెట్రాయిట్, బఫెలో. ప్రతి కచేరీలో వెండెల్ కళ్లు ఎదుటి పియానో మీదే ఉండేవి. పాట మొదలయ్యే ముందు మొదటి మాట పెదాలతో చూపించేవాడు. డెస్మండ్ తడబడితే తిట్టే సాకుతో తర్వాతి చరణం అందించేవాడు. కొన్ని సాయంత్రాలు ఆ అవసరమే పడేది కాదు. పడుచు వయసులో కూడా వాయించనంత బాగా వాయించేవాడు డెస్మండ్. అలాంటప్పుడు డాక్టర్లదే పొరపాటేమోనని వెండెల్‌కి ఆశ పుట్టేది. స్టేజీ దిగగానే డెస్మండ్ "మీ నాన్నగారు కులాసానా?" అని అడిగేవాడు. ఇరవై ఏళ్ల క్రితం పోయిన మనిషి. "కులాసాగానే ఉన్నాడు," అనేవాడు వెండెల్.

క్లీవ్‌లాండ్‌లో హాలు కిక్కిరిసిపోయింది. వెండెల్ ఒక పాట సగంలో ఉండగా ఎదుటి పియానో ఆగిపోయింది. తలెత్తి చూస్తే డెస్మండ్ లేచి నిలబడి ఉన్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

జనం పకపకా నవ్వారు. దీనికోసమేగా వాళ్లు వచ్చింది.

"నిన్నే! నా స్టేజీ మీదకి నిన్నెవడు రానిచ్చాడు?"

ఇంకా నవ్వారు. డెస్మండ్ పియానో చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. పిడికిలి బిగించాడు గానీ అది కొట్టడానికొచ్చే పిడికిలి కాదు. ఇంట్లో దొంగను చూసిన పసివాడి భయం అది. "మోరీన్! మోరీన్! ఈ ముసలాణ్ణి ఇక్కణ్ణించి పంపించేయమను!" అన్నాడు. నవ్వులు పలచబడ్డాయి. ముందు వరసల్లో ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. స్టేజీ పక్క చీకట్లో మోరీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

దగ్గరికెళ్లి భుజం పట్టుకుంటే డెస్మండ్ కేకలు పెడతాడు. ఇంకొక్క నిమిషం ఇలాగే సాగినా హాలంతటికీ తెలిసిపోతుంది, ఆ మొహం రేపు ప్రతి పత్రికలోనూ ఉంటుంది. వెండెల్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"పోతున్నాలేరా! నీ పక్కన కూర్చోడమే నా బుద్ధితక్కువ. అరిగిపోయిన ఆ నాలుగు పాటలూ నువ్వే పాడుకో, నువ్వే విను. నాకీ ఊరూ అక్కర్లేదు, ఈ జనమూ అక్కర్లేదు!"

పియానో మూత దభాలున మూసి నడిచాడు. హాలు ఒక్కసారిగా అతని మీద విరుచుకుపడింది. థూ అన్నారు. ఎవరో విసిరిన బీరుగ్లాసు భుజానికి తగిలి చొక్కా తడిసింది. ఆగలేదు.

దొంగ పోయాడు. డెస్మండ్ ఖాళీ కుర్చీ వంక కాసేపు చూసి, తన పియానో దగ్గరికెళ్లి కూర్చున్నాడు. వాయించాడు. ఒక్కడే, కచేరీ చివరిదాకా, ఒక్క మాట జారకుండా. తెర వెనక వెండెల్ మంచి చెవి స్టేజీవైపు తిప్పి నిలబడ్డాడు. మోరీన్ వచ్చి పక్కన నిలబడి, తడిసిన అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు మిగిలిన కచేరీలన్నీ రద్దయ్యాయి. ఓర్వలేక వెళ్లిపోయాడని పత్రికలు రాశాయి. ముసలితనంలో కూడా బుద్ధి రాలేదన్నారు. మోరీన్ ఫోన్ చేసి ఏడ్చింది. "నిజం చెప్పేస్తాను వెండెల్. నువ్వెందుకు పడాలి ఇదంతా?"

"నోరు మూసుకుని ఊరుకో. తిట్లు నాకు కొత్త కాదు. వాణ్ణి చూసి జనం అయ్యో పాపం అనడం మాత్రం నేను చూళ్లేను."

ఏడాది తిరిగాక వెండెల్ హల్‌కి వెళ్లాడు. డెస్మండ్ ఇంట్లో పియానో లేదు. ఆ చప్పుడుకి డెస్మండ్ బెదిరిపోతున్నాడని ఇచ్చేశామంది మోరీన్. ఆ మాటకి వెండెల్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. డెస్మండ్ సన్నబడ్డాడు. వెండెల్‌ని చూసి మర్యాదగా తలూపాడు. మోరీన్ తెచ్చిన వేయించిన చేపను వెండెల్ ముళ్లు తీసి, ముక్కలు చేసి నోటికందిస్తే మాట్లాడకుండా తిన్నాడు. పొద్దున్నే వెండెల్ గడ్డం గీస్తుంటే కళ్లు మూసుకుని దవడ పైకెత్తేవాడు.

తిరుగు ప్రయాణం రోజు వెండెల్ కోటు తొడుక్కుంటుంటే డెస్మండ్ ఏడుపు మొదలుపెట్టాడు. పేరు తెలియదు, మనిషి తెలియదు, వెళ్లిపోతున్నాడని మాత్రం తెలిసింది. బయట టాక్సీ హారన్ కొడుతోంది. వెండెల్ కోటు విప్పి కుర్చీ మీద వేశాడు.

"టాక్సీవాణ్ణి పొమ్మను మోరీన్," అన్నాడు.

జనవరిలో డెస్మండ్ పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత టొలీడో వెళ్లి, చుట్టుపక్కల చిన్న ఊళ్లలో, చిన్న హాళ్లలో వాయించాడు. ఒక్కోసారి వెనక వరసల్లోంచి ఎవరో ఒకరు, డెస్మండ్‌ని స్టేజీ మీద వదిలేసి పోయాడని అతన్ని తిట్టేవారు. వెండెల్ వాళ్లు ముగించేదాకా ఆగి, తర్వాతి పాట అందుకునేవాడు. క్లీవ్‌లాండ్ మాత్రం అతన్ని మళ్లీ పిలవలేదు.