ఫ్యాన్లు కట్టేసే మనిషి

ఆర్తత్రాణ బెహెరా నెట్టు తాడు బిగించి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. మధ్యలో కాస్త జారింది. మళ్ళీ బిగించాడు. తర్వాత పొడిగుడ్డ కాలికింద వేసుకుని టేకు నేలంతా తుడుచుకుంటూ వచ్చాడు. బక్కపల్చటి మనిషి. ఖాకీ చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. మధ్యమధ్య ఆగి ఎడమ చెయ్యి నొక్కుకుంటున్నాడు.

కటక్‌లో మే నెల. బ్యాడ్మింటన్ హాలు కప్పు నిండా ఫ్యాన్లే, ఒక్కటీ తిరగడం లేదు. తిరిగితే షటిల్ దారి తప్పుతుంది. ఆట మొదలయ్యే ముందు వాటిని కట్టెయ్యడమే ఇన్నేళ్ళూ ఆర్తత్రాణ ఉద్యోగం. ఓట్ల కాగితాలు ఇక్కడే లెక్కపెట్టే రోజుల్లోనూ అంతే, అధికారులు చెమటలు కక్కుకుంటూ లెక్కపెట్టేవారు. పెద్ద తుపాను వచ్చిన ఏడాది మాత్రం, కరెంటు వచ్చాక, రాత్రింబవళ్ళు తిప్పాడు. ఊళ్ళు మునిగి వచ్చిన జనం గ్యాలరీ కమ్మీల మీద బట్టలు ఆరేసుకున్నారు.

గ్యాలరీ కింది తన గదిలోనూ ఫ్యాను వేసేవాడు కాదు. అలవాటు అలా ముదిరింది. భార్య బసంతి మూడు ఎండాకాలాలు ఓర్చుకుంది. "నీకు గాలి పడదు, నాకు నువ్వు పడవు" అని జాజ్‌పూర్‌లో అన్నగారింటికి పోయింది. అతను వెళ్ళి పిలవలేదు. పిలిచి ఉండాల్సింది.

ఇప్పుడు హాలుని పెళ్ళిళ్ళకీ చీరల అమ్మకాలకీ అద్దెకిస్తున్నారు. ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, అతనితో ఎవరికీ పనిలేదు. చాలాకాలానికి ఇవాళ ఒక ఆట వచ్చింది, జిల్లా ఆడపిల్లల ఫైనల్. ఒకప్పుడు గౌను వేసుకుని ఇక్కడే ఆడిన సబిత, ఇప్పుడు కోచ్ అయి, అందరి కాళ్ళూ పట్టుకుని సాధించింది. ఈ ఒక్క ఆటా సవ్యంగా జరిగితే చాలనుకున్నాడు ఆర్తత్రాణ.

ఆఖరి గేము నడుస్తుండగానే చీరల వ్యాపారి గదాధర్ మూటలతో దిగాడు. గంఛాతో మెడ తుడుచుకున్నాడు. హాలుకి వచ్చేవాళ్ళందరికీ ఆర్తత్రాణ 'మావుసా', అంటే బాబాయి.

"మావుసా, కొలిమిలో కూర్చోబెట్టావు కదయ్యా. ఒక్క ఫ్యానన్నా వెయ్యి."

"ఆట అయ్యాక."

"ఆడేది ఇద్దరు, చూసేది నలుగురు. దీనికింత మడా?"

"నలుగురు చూస్తే మాత్రం, షటిల్ గాలికి కొట్టుకుపోదా?"

ఆర్తత్రాణ కుర్చీ లాక్కుని స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి కూర్చున్నాడు. "వెయ్యాలంటే నన్ను లేపి వేసుకో."

"లేపితే విరిగిపోతావు" అని నవ్వి గదాధర్ మూట మీద చతికిలబడ్డాడు.

సబిత గ్లాసుతో వచ్చింది. "మొహం పాలిపోయింది మావుసా. కాస్త తరవాణి తాగు."

"ఆట అయ్యాక."

"అన్నీ ఆట అయ్యాకేనా నీకు?"

"తర్వాత నాకేం పని ఉందే? తీరిగ్గా తాగుతా."

సబిత గ్లాసు పక్కన పెట్టి వెళ్ళింది. పాయింట్లు సమానమయ్యాయి. ఇద్దరు పిల్లలూ రొప్పుతూ ఎంతకీ వదలకుండా ఆడారు. చివరికి షటిల్ పైకి లేచి, కదలని గాలిలో తిన్నగా దిగి, సరిగ్గా గీత మీద పడింది. ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆర్తత్రాణ కళ్ళు కోర్టు వైపే ఉన్నాయి.

"అయిందిగా, ఇక లే మావుసా" అని గదాధర్ భుజం తట్టాడు. తల పక్కకి వాలిపోయింది.

సబిత పరుగెత్తుకొచ్చి చొక్కా గుండీలు విప్పింది. "ఫ్యాన్లు వెయ్యండి, గాలాడాలి" అని ఏడ్చింది. గదాధర్ కుర్చీ జరిపి స్విచ్చులన్నీ ఒక్కసారే నొక్కాడు. చాలాసేపు విసిరారు, పిలిచారు. లాభం లేకపోయింది. గదాధర్ మూట విప్పి కొత్త నేతచీర ఒకటి తీసి అతనికి కప్పాడు. నలుగురూ పట్టి బయటికి మోసుకెళ్ళారు.

కోర్టులో ఎవరూ లేరు. గీత మీది షటిల్ ఫ్యాన్ల గాలికి కదిలి, దొర్లుతూ దొర్లుతూ గీత దాటి పోయింది.