అట్టడుగు మెట్లు

"సౌండ్ పెంచడం, తగ్గించడం. దానికి ఇన్ని వారాలా? రిమోట్ చేతికిస్తే మా అమ్మ కూడా చేస్తుంది ఆ పని," అన్నాడు మా ఆయన, నేను మడతపెట్టిన బనియన్ల దొంతరలోంచి సరిగ్గా అడుగుది లాగుతూ. దొంతర కూలింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నా కుడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, ఎడమ చెవి కుక్కర్ మీద ఉంది. ఇంట్లోంచి చేసే నా ఉద్యోగమంతా ఇలా ఒంటి చెవితోనే సాగుతోంది, చెప్పొద్దూ, బాగానే సాగుతోంది.

నేను కంప్యూటర్లకి ఆడియో డ్రైవర్లు రాస్తాను. తెర మీద సౌండ్ గీతని మీరు అటూ ఇటూ జరిపితే, ఆ సంగతి లోపలి చిప్‌కి దాని భాషలో చెప్పే దుబాసీ ప్రోగ్రామ్ అన్నమాట. కొత్త చిప్‌కి వాల్యూమ్ కంట్రోల్ రాయడం ఈసారి నా వంతు. మా టీమ్ లీడర్ సార్ ముందే ఒకటి రాసి పెట్టారు. గీత వందలో ఎంత ఉంటే చిప్‌కీ వందలో అంతే. కాగితం మీద అది ఒప్పే, చెవికి మాత్రం తప్పు. చెవి రెట్టింపుల్లో వింటుంది, శబ్దం రెట్టింపైతేనే దానికి ఒక మెట్టు ఎక్కినట్టు. ఒకటి నుంచి రెండుకి జరిపితే శబ్దం ఒక్కసారిగా మీద పడుతుంది, తొంభై నుంచి తొంభై ఒకటికి జరిపితే తేడాయే తెలీదు. అందుకని కింది మెట్లు బాగా చిన్నవి చేసి, పైకి పోయేకొద్దీ పెద్దవి చేశాను.

సార్‌కి నచ్చలేదు. "అంత కింద ఎవరు వింటారమ్మా? వద్దనుకుంటే మ్యూట్ చేసుకుంటారు. పాతదే ఉంచుదాం. గురువారం రివ్యూలో నేను చెప్పేస్తాలే, నువ్వు పక్కనుండు." పక్కనుండడం నాకు అలవాటే. ఇన్నేళ్లూ నేను రాసినవన్నీ పెద్ద మేనేజర్‌కి ఆయన గొంతులోనే వినిపించాయి.

అంత కింద ఎవరు వింటారట! నేను విన్నాను. పాప పసిగుడ్డుగా ఉన్నప్పుడు మధ్యాహ్నాలు నా చేతి మీదే నిద్రపోయేది, చెయ్యి తీస్తే వెంటనే మేలుకునేది. "అది లేచిందంటే నీదే పూచీ," అని మా ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లేవాడు. "సెలవు పెట్టి హాయిగా పాటలు వింటోంది మా కోడలు," అని అత్తగారు ఫోన్లో అందరికీ చెప్పేవారు. ఆ హాయి ఎలాంటిదంటే, ఫోన్ సౌండ్ ఒక్క మెట్టు పెంచితే పాప ఉలిక్కిపడేది, ఒక్క మెట్టు తగ్గిస్తే నాకేమీ వినపడేది కాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుందామా అంటే అత్తగారి పిలుపు వినపడదు, అదింకో రామాయణం. నాకు కావలసిన పాట ఆ రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉండేది. ఫోన్ దిండు కింద కుక్కుకుని వినేదాన్ని. ఆ రోజుల్లో ఊరికే ఏడుపొచ్చేది. మాట్లాడబోయినా ఇదే వరస. ఆడవాళ్ల గొంతు గడప దాటకూడదని మావగారు, "మెల్లగా, కాల్‌లో ఉన్నాను" అని ఈయన. సెలవు అయిపోయాక కాల్‌లో నేనూ ఉన్నానని ఎవరికీ తట్టేది కాదు. మొత్తానికి ఆ కిందంతా నాకు కొట్టిన పిండి. ఆ మెట్లు రాస్తుంటే ఎంత సంతోషం వేసిందో! ఎక్కడో ఏ తల్లో దిండు అవసరం లేకుండా వింటుంది. వాటిని తీసేయనివ్వదలచుకోలేదు.

బుధవారం సాయంత్రం మా ఆయనతో అన్నాను. "రేపు పొద్దున తలుపున్న గది నాకు కావాలి."

"మరి నా కాల్?"

"వంటింట్లో వెలుతురు బాగుంటుంది. మూడో కూతకి కుక్కర్ కట్టేయండి."

ఆయన వంటింట్లో ప్లగ్గు ఎక్కడుందో వెతకడానికి వెళ్లాడు. పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్తుంటే కొంచెం జాలేసింది కూడా.

రివ్యూకి ముందే, కొత్త చిప్ ఉన్న అందరి కంప్యూటర్లలోనూ నా డ్రైవర్ వేయించాను. కాల్‌లో సార్ గొంతు సవరించుకుని, "మా టీమ్ ఈసారి..." అని మొదలుపెట్టారు.

"నేను చెబుతాను సార్, రాసింది నేనే కదా," అన్నాను.

పెద్ద మేనేజర్ సరే చెప్పమన్నారు. చెప్పాను. రెండు చెవులూ నావే కావడంతో ఉత్సాహం ఎక్కువైంది కాబోలు, గొంతు లేచింది. పసిపిల్లల దగ్గర కూర్చుని వినేవాళ్ల సంగతి చెబుతుండగా సార్ అడ్డొచ్చారు.

"కాస్త మెల్లగా అమ్మా, చెవులు గింగిర్లెత్తుతున్నాయి."

అలవాటుగా గొంతు దిగబోయింది. దిగనివ్వలేదు.

"మీ దగ్గర తగ్గించుకోండి సార్. ఎంత కిందికైనా మెత్తగా దిగుతుంది."

సార్ వైపు నుంచి మౌస్ చప్పుడు వినిపించింది. ఆయన గీత జరుపుతున్నట్టున్నారు.

"ఆఁ... ఇప్పుడు బాగుంది," అన్నారు సార్.

"అయితే కొత్తదే పంపిద్దాం," అని పెద్ద మేనేజర్ నవ్వారు.

వంటింట్లో మూడో కూత వినిపించింది. నేను కదల్లేదు, అదే గొంతుతో మిగతాది చెప్పాను.