పోయినవారం తప్పులు

మా ఆయన మేజర్ హేమచంద్ర ఇరవై రెండేళ్ళు టొరంటోలో వచ్చే ఒక తెలుగు వారపత్రికకు గుర్రప్పందేల కాలమ్ రాశారు. అది ఎప్పుడూ ‘పోయినవారం తప్పులు’ అన్న మాటతోనే మొదలయ్యేది. ఫలానా గుర్రం గెలుస్తుందన్నాను, ఆరో స్థానంలో వచ్చింది, దాని నడకను నేను సరిగా చూడలేదు. ఇలా రెండు మూడు వాక్యాలు రాశాకే కొత్త సంగతులు. సైన్యంలో గుర్రపు దళంలో ఉన్నప్పుడు అబ్బిన అలవాటది. స్వారీ ముగించి దిగినవాడు ముందు తన పొరపాట్లు చెప్పాలట. ఆ తర్వాతే మంచినీళ్ళు.

ఆయన పార్వతీపురం వైపు ఒక చిన్న జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఆయనకు ఊహ తెలిసేసరికి జమీ లేదు, గుర్రపుశాల మాత్రం ఉండేది. డెబ్బై ఒకటి యుద్ధంలో మోకాల్లో దిగిన ఇనుప ముక్క చివరిదాకా అందులోనే ఉండిపోయింది. విమానాశ్రయాల్లో తనిఖీ గంట మోగినప్పుడల్లా ఆ యంత్రానికి సెల్యూట్ కొట్టేవారు. సైన్యం వదిలాక మలక్‌పేట రేసుల గురించి పత్రికలకు రాయడం మొదలుపెట్టారు. గుర్రాలు మేపిన ఇంట పుట్టి గుర్రాల మీద రాసుకుని బతుకుతున్నాడని చుట్టాలు ముఖం తిప్పుకున్నారు. తర్వాత బొంబాయి, ఊటీ, కొలంబో. మధ్యలో ఒక పెళ్ళి, ఒక విడాకులు. యాభై ఆరో ఏట, ఎవరో కొన్న ఒక గుర్రానికి తోడుగా కార్గో విమానంలో దాని తల పట్టుకుని నిలబడి టొరంటో వచ్చారు.

“అదీ తిరిగి వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు,” అనేవారు.

నేను జ్ఞానసుందరిని. మాది నర్సాపురం. టొరంటో శివారు ఎటోబికోలో ఒక బడిలో నాలుగో తరగతికి ఇరవై ఆరేళ్ళు చెప్పాను. ఆదివారాలు ఆరాధన తర్వాత మా చర్చి బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు నేర్పేదాన్ని. ఒక ఆదివారం, మడత నలగని కోటుతో ఒక పెద్దమనిషి వచ్చి తన కాలమ్ దిద్దిపెట్టమని అడిగారు. ఇంగ్లీషు బోర్డింగ్ స్కూల్లో చదివానని, తెలుగు తనకు గుర్రాల కాపరులు నేర్పిందేనని అన్నారు. నేను దిద్ది ఇచ్చాను.

“ఏంటి టీచరమ్మా, ఇన్ని ఎర్రగీతలు! యుద్ధంలో కూడా ఇంత రక్తం చూడలేదు నేను.”

“అనవసరమైన మాటలు తీసేశానండీ.”

“గుర్రానికి తోక కూడా అనవసరమే. కత్తిరించి చూడండి, ఈగలు ఏం చేస్తాయో.”

మూడేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకున్నాం. ఆయనకు అరవై, నాకు నలభై తొమ్మిది. పెళ్ళయ్యాక కూడా నేను టీచరమ్మనే, ఆయన మేజర్ గారే.

మూడేళ్ళ క్రితం ఆయన చూపు పోవడం మొదలైంది. ముందు అక్షరాలు, తర్వాత ముఖాలు, ఆ తర్వాత గుర్రాలు. అంచుల్లో కాస్త వెలుతురు మిగిలింది. ఈ సంగతి డాక్టరుకూ మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. చూపు లేనివాడి కాలమ్ ఎవరు చదువుతారని ఆయన భయం.

అప్పటి నుంచి ఆదివారాలు రేసుకోర్సులో నేను ఆయన కళ్ళయ్యాను. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించే ఆవరణ దగ్గర, కమ్మీ పట్టుకుని పక్కపక్కనే నిలబడేవాళ్ళం.

“ఏడో నంబరుకు చెమట పట్టింది,” అనేదాన్ని.

“ఎక్కడ?”

“మెడ మీద.”

“మెడ మీదైతే ఫరవాలేదు. వెనక కాళ్ళ మధ్య చూడు. నురగలాగా ఉందా?”

“లేదు.”

“కనిపించిందే చెప్పు టీచరమ్మా. నాకు నచ్చుతుందని ఏదీ చెప్పకు. నువ్వు చూసింది చూసినట్టు చెబితే ‘నేను చూశాను’ అని రాసుకోవచ్చు. నీ కళ్ళు నావే. కానీ నువ్వు ఒక్కసారి కల్పించావనుకో, నేను అబద్ధాలకోరునైపోతాను.”

మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా కల్పించలేదు. మొన్న జూన్‌లో కల్పించాను.

లేట్ ఏప్రిల్ అని ఒక ఆడగుర్రం ఉండేది. ఎర్ర గోధుమ రంగు, ఎడమ వెనక కాలికి తెల్ల మేజోడు తొడిగినట్టు మచ్చ. ఆయన కళ్ళతో చూసిన చివరి గుర్రాల్లో అది ఒకటి. మొదటి పందెం నుంచి దాన్ని గురించి రాస్తూనే ఉన్నారు. ఇంట్లో దాన్ని ‘మన పిల్ల’ అనేవారు. ఆ ఆదివారం బాగా గాలి. లౌడ్‌స్పీకర్‌లో మాటలు వినిపించీ వినిపించనట్టు ఉన్నాయి. చివరి మలుపులో మన పిల్ల ముందు కాలు విరిగింది. జాకీ దొర్లిపడ్డాడు. అది లేచింది, మూడు కాళ్ళ మీద. మనుషులు పరిగెత్తుకెళ్ళి ఆకుపచ్చ తెర అడ్డం పెట్టారు. కాలు విరిగిన గుర్రాన్ని ఆ తెర వెనకే సూదిమందుతో చంపేస్తారని నాకు ఆయనే చెప్పారు.

“ఏమైంది? అందరూ ఎందుకు మాట ఆపేశారు?” అన్నారు ఆయన.

ఆ వసంతంలోనే ఆయన గుండెనొప్పితో రెండుసార్లు ఆసుపత్రిలో ఉండి వచ్చారు.

“ఏం లేదు. దగ్గరదగ్గరగా ముగిసింది.”

“మన పిల్ల?”

“నాలుగో స్థానం.”

“కుంటిందా?”

“లేదు.”

ఇంటికి వస్తూ కారులో ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన టోపీ బయట ఎక్కడా తీయరు. ఉక్కగా ఉండి తీశారేమో అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక నెమ్మదిగా చెబుదామని కూడా అనుకున్నాను.

సోమవారం ఆయన కాలమ్ చెబుతుంటే ఎప్పటిలాగే నోటుబుక్కులో రాసుకున్నాను. లేట్ ఏప్రిల్ నాలుగో స్థానంలో వచ్చిందని రాయించారు.

“రాయి. ‘ఈ పందెం నేను చూడలేదు. మూడేళ్ళుగా నాకు కళ్ళు కనిపించడం లేదు. ఇది సుందరి చెప్పిన మాట.’ రాశావా?”

“రాశాను.”

“చదువు.”

చదివాను. తల ఊపి, లేచి తన గదిలోకి వెళ్ళారు.

టైపు చేసేటప్పుడు ఆ మూడు వాక్యాలూ ఎర్రగీతతో కొట్టేశాను. ఆరోగ్యం బాగాలేక ఏదో నిరుత్సాహంలో అన్నారు, అచ్చయ్యాక బాధపడతారు, ఆయన పరువు నేనే కాపాడాలి అనుకున్నాను. శుక్రవారం పత్రిక వచ్చింది. అచ్చయిన కాలమ్ చదివి వినిపించమని ఎప్పుడూ అడిగే మనిషి ఆ వారం అడగలేదు. ఒంట్లో బాగాలేదని ఆదివారం రేసుకు రాలేదు, కొత్త కాలమూ చెప్పలేదు. మంగళవారం ఉదయం నేను కాఫీ తీసుకెళ్ళేసరికి లేరు.

అంత్యక్రియల రోజు కొమరయ్య వచ్చాడు. విమానాశ్రయం దగ్గర టాక్సీ నడుపుతాడు, వాళ్ళది కరీంనగర్. ఆయన కాలమ్‌లన్నీ కత్తిరించి దాచుకున్న మనిషి. చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడి, అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి.”

“అడుగు కొమరయ్యా.”

“గా లేట్ ఏప్రిల్ ఉన్నది గద, అది ఆడ్నే పడిపోయింది. నేను ఆడ్నే ఉన్న, నా కండ్లతోని చూసిన. సార్ నాలుగో ప్లేస్ అని రాసిండు. తప్పు రాసే మనిషి కాదు గద సార్. రాసినా మల్ల వారం ఆయనే ఒప్పుకునేటోడు. మావోళ్ళు నవ్వుతున్నరు మేడమ్. మీ మేజర్ సాబ్ ఇంట్ల కూసొని రాసిండు, రేసుకే పోలేదు అంటున్నరు. నేను కొట్లాడిన. కానీ ఏం చెప్పాలె?”

అతను నా చేతిలో పత్రిక పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పత్రిక నడిపే వంశీధర్ ఫోన్ చేశాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజుల్లో పత్రిక తెచ్చే కుర్రాడు.

“ఆంటీ, అంకుల్ లాస్ట్ కాలమ్‌ని ఈ శుక్రవారం ఫ్రంట్ పేజీలో మళ్ళీ వేద్దామనుకుంటున్నాం. ఫొటో మీరు సెలెక్ట్ చేయండి.”

“అందులో ఒక తప్పుంది, బాబూ.”

“ఆ గుర్రం సంగతా? నాకూ ఒకరిద్దరు మెసేజ్ చేశారు. ఆ ఒక్క పేరా డిలీట్ చేసేద్దాం. ఎవరికి గుర్తుంటుంది ఆంటీ? పెద్దాయన, ఏజ్ అయింది, పొరబడ్డారనుకుంటారు.”

“ఆయన పొరబడలేదు.”

“మరి?”

రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను. నోటుబుక్కు తెరిచి కొట్టేసిన మూడు వాక్యాలూ మళ్ళీ చదివాను. గీత సన్నగానే ఉంది, కింద ప్రతి అక్షరమూ కనిపిస్తోంది. మూడేళ్ళు ‘నేను చూశాను’ అని రాయించిన మనిషి ఆ ఒక్కరోజు ‘నేను చూడలేదు’ అని ఎందుకు అన్నారో అప్పుడు ఆలోచించాను. ఆకుపచ్చ తెర ఆయనకు కనిపించి ఉండదు. కానీ అన్ని వేలమంది ఒక్కసారిగా మాట మానేస్తే దాని అర్థం ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? కారులో, పోయినవాళ్ళ కోసం తీసినట్టు, ఒళ్ళో పెట్టుకున్న టోపీ గుర్తొచ్చింది.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అబద్ధం చెప్పావని అడగలేదు. తన పేరు పోయినా ఫరవాలేదని, అంతకాలం దాచుకున్న సంగతి బయటపెట్టుకున్నారు. ఆ కాలమ్ మొత్తంలో నిజమైన మాటలు ఆ మూడే. వాటినే నేను అనవసరమని తీసేశాను.

చెప్పుకోవడానికి ఆయన లేరు. కొట్టేసిన మాటలను తిరిగి అచ్చు వేస్తే ఆయన దాచుకున్నది అందరికీ తెలుస్తుంది. వేయకపోతే కొమరయ్య స్నేహితుల నవ్వే మిగులుతుంది. కానీ ఈ నిర్ణయం నాది కాదు. కాలమ్ చెప్పిన సోమవారమే ఆయన తీసుకున్నారు, చదివించుకుని విన్నారు కూడా.

ఆయన కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంచి, నా కుర్చీలోనే కూర్చుని రాశాను.

“పోయినవారం తప్పులు. లేట్ ఏప్రిల్ నాలుగో స్థానంలో రాలేదు. చివరి మలుపులో దాని కాలు విరిగింది, అక్కడే చనిపోయింది. అది నేను చూశాను, మేజర్ గారికి మరొకటి చెప్పాను. ఆయనకు మూడేళ్ళుగా చూపు లేదు. ఆ మాట ఆయనే కాలమ్‌లో చెప్పారు, అచ్చుకు పంపేటప్పుడు నేను తీసేశాను. ఈ రెండు తప్పులూ నావి. ఆయనవి ఈ వారం ఏమీ లేవు. జ్ఞానసుందరి.”

రెండుసార్లు చదివాను. తీసేయవలసిన మాట ఏదీ కనిపించలేదు. వంశీధర్‌కు పంపించి, వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాను.